వేసవి సెలవుల్లో కుర్రాణ్ణి మామిడి యార్డు పనికి పంపొచ్చా?

నమస్తే అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. స్నేహితులతో కలిసి మామిడి యార్డులో పనికి వెళ్తానంటున్నాడు. సాయంత్రమైతే కబడ్డీ గ్రౌండులో ఉంటాడు. ఊళ్లో పంచాయతీ ఎన్నికల మాటలు మొదలయ్యాక ఒక వర్గం పెద్దల వెనకాల బైకుల మీద కూడా తిరుగుతున్నాడు. ఈ మూడూ మాన్పించి సెలవులన్నీ కోచింగులో కూర్చోబెట్టాలా, వాడి మానాన వాణ్ణి వదిలేయాలా అని మీ టెన్షన్. అమ్మాయి తొమ్మిదో తరగతి అని కూడా రాశారు, ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పనికి పంపండి. కాకపోతే ఏ పని, ఎన్ని గంటలు, ఎవరి చేతికింద అన్నది మీరే వెళ్లి మాట్లాడి రండి. కబడ్డీ మాన్పించొద్దు. ఎన్నికల బైకులు మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి.

నేను కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 30 ఏళ్లకు పైగా పీఈటీగా, అంటే ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మాది నూజివీడు వైపు, చుట్టూ మామిడి తోటలే. మా వైపు పిల్లలకు ఏప్రిల్ వచ్చిందంటే కాయ కోతలు, గడ్డిలో మాగేసిన పళ్ల వాసన, యార్డు దగ్గర బారులు తీరిన లారీలు. సెలవుల్లో ఎంతోకొంత పని చెయ్యని కుర్రాడు మా తరంలో లేడు. ఆ తర్వాత నా విద్యార్థులు కొన్ని వందల మంది ఆ పనులకే వెళ్లడం చూశాను. కొందరికి అది మేలు చేసింది, కొందరిని పాడు చేసింది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చాలాకాలం ఆలోచించాను. నా మొదటి వేసవి సంగతి చెబితే నేను ఏమంటున్నానో మీకు అర్థమవుతుంది.

1981. నాకూ అప్పుడు 17 ఏళ్లే. మా నాన్న కౌలు రైతు. నా దస్తూరి బాగుంటుందని ఒక కమీషన్ కొట్టువాళ్లు చీటీలు రాసే పనిలో పెట్టుకున్నారు. రోజుకు 6 రూపాయలు. కాటా పక్కన ఒక చెక్కపెట్టె మీద కూర్చోవాలి. గుమాస్తా బరువు కేకేస్తే రైతు పేరు, కాయ రకం, బరువు రాయాలి. కింద కార్బన్ కాగితం, దాని కింద నకలు. కలం గట్టిగా నొక్కకపోతే నకలు పడదు, అందుకని సాయంత్రానికి చూపుడువేలు మీద గుంట పడేది. కలం పట్టుకున్న పని కాబట్టి ఇంట్లో అందరికీ గొప్పగా ఉండేది. హమాలీలు కూడా నన్ను ‘రైటరుగారూ’ అనేవాళ్లు.

తరుగు అని ఒకటుంటుంది, మీకు తెలిసే ఉంటుంది. కాయ ఆరుతుంది, దెబ్బతిన్నవి ఉంటాయి, అందుకని క్వింటాలుకు ఇంత అని తీసేస్తారు. అది న్యాయమో కాదో పక్కన పెడితే, ముందే చెప్పి తీసేది కాబట్టి రైతుకు తెలుస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం మా ఊరి పెద్దాయన ఒకరు బండి మీద బంగినపల్లి కాయ తెచ్చారు. మొదటి గంప కాటా మీద పెట్టారు. ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది, గుమాస్తా ‘ముప్పై ఆరు’ అని కేకేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ముల్లు వచ్చి 40 మీద నిలబడింది. గుమాస్తా నా వైపు చూశాడు. నేను 36 అని రాశాను. ఆ తర్వాత తరుగు మళ్లీ విడిగా కోశారు. పెద్దాయనకు చదువు రాదు. బొటనవేలికి మామిడి సొన అంటుకుని నల్లబడి ఉంది, దాన్ని పంచెకు తుడుచుకుని సిరాదిమ్మె మీద అద్ది, నేను రాసిన అంకె పక్కనే వేలిముద్ర వేశాడు. వేసి, ‘బాగా రాస్తున్నావు నాయనా’ అన్నాడు.

ఆయన కొడుకు నా ఈడువాడు. సాయంత్రం మేమంతా చెడుగుడు ఆడేవాళ్లం. మా వైపు కబడ్డీని అప్పటికి చాలామంది చెడుగుడు అనే పిలిచేవారు. కూతకు వచ్చినవాణ్ణి పట్టాలంటే మన వైపు ఆటగాళ్లు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడాలి. నాకు కుడిపక్కన ఎప్పుడూ అతనే ఉండేవాడు. ఆ రోజు కూడా పక్కనే నిలబడ్డాడు, చెయ్యి కూడా ఇచ్చాడు, కానీ పట్టు లేదు. వేళ్లు ఊరికే నా అరచేతిలో పెట్టి ఉంచాడు. కూతకు వచ్చినవాడు సరిగ్గా మా ఇద్దరి మధ్యలోంచే దూరి గీత దాటిపోయాడు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ల ఇంట్లో ఇనప తూకం ఉందనీ, తోటలో బయలుదేరేటప్పుడే గంపలు తూచుకున్నారనీ నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు నేను కొట్టు యజమాని దగ్గరికి వెళ్లి, ముల్లు చూపించిన బరువు ఒక గడిలో, తరుగు ఇంకో గడిలో రాస్తానని చెప్పాను. ‘రాసేవాడివి రాయి, లెక్కలు చెప్పొద్దు’ అన్నాడాయన. నేను పని మానేశాను. ఆ పెద్దాయనకు పోయిన డబ్బు లెక్కగట్టి నా కూలిలోంచి ఇచ్చాను. మిగిలిన సెలవులు తోటల్లో కాయ కోతకు వెళ్లాను. ఒళ్లంతా సొన పడి మచ్చలు లేచేవి. అయినా కలం పనికంటే ఆ పనే నాకు నిద్ర పట్టించింది.

అప్పటి ఊరు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. భూమి ఎవరి పేరు మీద ఉందో చెప్పాలన్నా, శిస్తు ఎంతో చెప్పాలన్నా కరణంగారి పుస్తకమే ఆధారం. ఆ పుస్తకంలో ఏముందో చదవగలిగినవాళ్లు ఊళ్లో పదిమంది కూడా ఉండేవాళ్లు కారు. 1984 జనవరిలో ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడు మా ఇంటి అరుగు మీద దాని గురించి నెల రోజులు మాట్లాడుకున్నారు. నా మనసులో మాత్రం ఆ కాటా చీటీయే మెదిలేది. ఊళ్లో కలం ఎవరి చేతిలో ఉందో, వాళ్లు రాసింది చదవగలిగేవాళ్లు ఎందరో, ఈ రెండూ తెలిస్తే ఆ ఊరి సంగతి చాలావరకు తెలిసినట్టే. పుస్తకంలో చదివితే నాకు ఇది ఎక్కేది కాదు. పనికి వెళ్లబట్టి తెలిసింది. అందుకే మీ అబ్బాయిని పంపమంటున్నాను.

ఇక ఎలా పంపాలో చెబుతాను. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. బడి వేళలు కాని సమయంలో, సెలవుల్లో సొంత ఇంటి పనిలో సాయపడటం వేరు సంగతి. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. ఈ వయసువాళ్లకు పనివేళలు కూడా చట్టంలోనే ఉన్నాయి. విరామంతో కలిపి రోజుకు 6 గంటలు మించకూడదు, మూడు గంటలు చేశాక ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి, రాత్రి 7 నుంచి ఉదయం 8 మధ్య పని చేయించకూడదు, ఓవర్‌టైమ్ ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మామిడి యార్డులో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. లోడింగు ఎక్కువగా రాత్రిళ్లే జరుగుతుంది, పెద్ద కూలీ కూడా దానికే ఇస్తారు. ‘ఒక్క రాత్రికి ఇంత వస్తుంది నాన్నా’ అని మీవాడు అంటాడు. ఒప్పుకోవద్దు. లారీ ఎక్కి పెట్టెలు అందుకునే పని వద్దని మేస్త్రీకి మీరే స్వయంగా చెప్పండి. నిద్రమత్తులో జారిపడి చెయ్యి విరిగిన పిల్లల్ని నేను ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండో సంవత్సరం మొదట్లో కుడిచెయ్యి కట్టులో ఉంటే ఆ ఏడాది చదువు ఎలా సాగుతుందో మీరే ఆలోచించండి.

మాగబెట్టే గదుల్లోకి కూడా పంపొద్దు. కాల్షియం కార్బైడ్‌తో పళ్లు మాగబెట్టడం నిషేధం, అయినా దొంగచాటుగా వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పొట్లాలు పట్టుకునే పని చివరికి చిన్నపిల్లలకే అప్పజెబుతారు. వాడికి సరిపోయేవి గ్రేడింగు, పెట్టెల్లో కాగితం పరిచి కాయ సర్దడం, లెక్క రాయడం. తోటలో కోత అయితే ఇంకా మంచిది, కానీ ఎండ చూసుకోవాలి. మే నెలలో 11 దాటాక చిక్కం కర్ర పైకెత్తి నిలబడితే మెడ వెనక ఎండ సూటిగా కొడుతుంది. తువ్వాలు తడిపి మెడకు చుట్టుకోమనండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. ఒళ్లు కాలిపోతూ చెమట ఆగిపోయినా, మాట తడబడినా అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లు తడిపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సొన పడిన చోట వెంటనే కడుక్కోవాలి. పొడవు చేతుల చొక్కా తప్పనిసరి.

డబ్బు సంగతి ముఖ్యమైంది. కూలి వాడి చేతికే రావాలి. మేస్త్రీ మీకిస్తే తీసుకోకండి. నాకు తెలిసిన చాలా ఇళ్లలో తండ్రి వెళ్లి అడ్వాన్సు తెచ్చుకుంటాడు, కుర్రాడు ఆ అడ్వాన్సు తీర్చడానికి పని చేస్తాడు. అప్పుడు వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు, మీ మీద కోపం తప్ప. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీదే సేవింగ్స్ ఖాతా తెరిచి సొంతంగా నడుపుకోవచ్చు, బ్యాంకుకు వెళ్లి తెరిపించండి. ఒక చిన్న నోటు పుస్తకం కొనివ్వండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు, ఈ మూడూ రాయమనండి. ఏం కొన్నావని మాత్రం అడగొద్దు. మొదటి జీతంతో నేను మా అమ్మకు చెప్పులు కొన్నాను, ఆవిడ ఆ వేసవంతా అరుగు దాటితే అవే వేసుకునేది. మీవాడు క్రికెట్ బ్యాటు కొనుక్కున్నా, ఫోన్ రీచార్జులకే పోసినా వాడి ఇష్టం.

కోచింగు గురించి ఎక్కువ రాయను. జూన్ నుంచి మార్చి దాకా వాడు ఎలాగూ గదిలోనే కూర్చుంటాడు. ఉదయం ఒక గంటన్నర లెక్కలు చేసుకుని పనికి వెళ్తే చాలు.

ఇప్పుడు కబడ్డీ. ‘దేనికీ పనికిరాని ఆట’ అని మీరు రాశారు. ఆ మాట చదివితే నాకు కష్టంగా అనిపించింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని పతకాల ఆటగా చేర్చారు, మొదటి స్వర్ణం మన దేశానికే వచ్చింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక పల్లెటూరి కుర్రాళ్ల ఆట టీవీల్లో వస్తోంది. కానీ మీవాడు ఆటగాడు కావాలని కాదు నేను చెప్పేది. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, అందులో ఒక్కో జట్టుకు దక్కేది సగం. అంత చిన్న చోట ఏడుగురు ఒకరి ఊపిరి ఒకరు వింటూ నిలబడాలి. పక్కవాడు గట్టిగా పట్టుకోకపోతే మొత్తం గొలుసు తెగుతుంది. నాకది 17 ఏళ్లకే తెలిసొచ్చింది, పైన చెప్పాను కదా. ఊళ్లో ఒక వీధి పిల్లలు ఇంకో వీధి పిల్లల చెయ్యి పట్టుకునే చోటు ఇంకెక్కడుంది చెప్పండి? పెళ్లిళ్లలో కూడా ఎవరి బంతి వాళ్లదిగా తిన్న రోజులు నేను చూశాను. గ్రౌండులో మాత్రం ఒకే బిందె నీళ్లు తాగేవాళ్లం. ఒక పీఈటీగా నేను పడ్డ పాట్లలో చాలావరకు ఆ బిందెను కాపాడుకోవడానికే పడ్డాను.

జాగ్రత్తలు మాత్రం చెప్పండి. మట్టి కోర్టులో ఆడే ముందు గాజుపెంకులు, రాళ్లు ఏరుకోవాలి. ఆట మొదలుపెట్టే ముందు పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి, మోకాలు మెలిపడితే ఆ రోజుకు ఆట ఆపేయాలి. పట్టీ కట్టుకుని ఆడి మోకాలి లిగమెంటు పూర్తిగా తెగిపోయినవాళ్లున్నారు. రోజంతా యార్డులో బరువులెత్తి సాయంత్రం ఆడితే గాయాలు ఎక్కువవుతాయి, అందుకే బరువుల పని వద్దన్నాను. ఊరి టోర్నమెంట్లలో ప్రైజు మనీ కోసం బయట ఊళ్ల జట్లకు ఆడించడం, గెలిచిన రాత్రి మందు పార్టీలు, అవి కూడా ఉన్నాయి. ఎవరితో వెళ్తున్నాడో తెలుసుకోండి. నిజంగా బాగా ఆడుతుంటే కాలేజీ తెరిచాక స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్ 19 సెలక్షన్లు ఎప్పుడో కాలేజీలో ఆటలు చూసే పీడీగారిని అడగమనండి. ఊరి టోర్నీలో ఇచ్చే సర్టిఫికెట్లు స్పోర్ట్స్ కోటాకు పనికిరావు, గుర్తింపు ఉన్న పోటీలవే చెల్లుతాయి.

రాజకీయం సంగతికి వస్తే, మా తరం దాన్ని కూడా పనిచోటే నేర్చుకుంది. 1982 వేసవిలో నేను మళ్లీ తోటల్లో కోతకు వెళ్లాను. ఆ ఏడాది మార్చి 29న ఎన్.టి.రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. మధ్యాహ్నం చెట్టుకింద అన్నం తినేటప్పుడు ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. ‘సినిమావాళ్లకు రాజకీయమేంటి’ అని ఒక తాత, ‘ఎందుకు రాకూడదు’ అని కోత మేస్త్రీ. ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లు, అన్నాలయ్యాక ఒకే చుట్ట ఇద్దరూ కాల్చుకునేవాళ్లు. 1983 జనవరిలో ప్రభుత్వమే మారిపోయింది. నాకప్పటికి 18 దాటినా ఓటు లేదు, అప్పట్లో 21 ఏళ్లు నిండాలి. ఓటు వయసు 18కి తగ్గించింది 61వ రాజ్యాంగ సవరణ, అది 1989లో అమల్లోకి వచ్చింది. ఆ చెట్టుకింద రెండు నెలలు విన్న వాదనలతో నాకు ఒకటి తెలిసింది. మనతో కలిసి పని చేసేవాడు మనకు నచ్చని పార్టీ వాడైనా, మధ్యాహ్నానికి వాడి క్యారేజీలోంచి పచ్చడి తీసుకోవచ్చు.

మీవాడు ఇప్పుడు చూస్తున్నది అది కాదు. బైకులో పెట్రోలు పోయించి, బిరియానీ పొట్లం చేతిలో పెట్టి, జెండా పట్టుకుని అరవమంటున్నారు. అందులో వాడికి తెలిసేది ఏముంది? దానికి తోడు ఇంకో ముప్పు ఉంది. గొడవ జరిగితే ముందు వరసలో ఉండేది ఈ పిల్లలే, కేసుల్లో పేర్లు ఎక్కేదీ వీళ్లవే. నా విద్యార్థుల్లో ఒకడు పోలీసు కానిస్టేబుల్ రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్ష రెండూ గట్టెక్కాడు. ఎన్నికల గొడవలో పడ్డ పాత కేసు వెరిఫికేషన్‌లో అడ్డొచ్చింది. ఆ రోజు బైకు మీద వాణ్ణి ఎక్కించుకున్న పెద్దమనిషి ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. పిల్లల్ని ఎన్నికల ప్రచారంలో వాడొద్దని కేంద్ర ఎన్నికల సంఘం కూడా 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగానే చెప్పింది.

అయితే ‘రాజకీయం జోలికి పోకు’ అని చెప్పకండి. పంచాయతీ ఎన్నిక అంటే వాడి వీధి లైటు, వాడి తాగునీళ్లు. మన దగ్గర సర్పంచి ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. ఎందుకలా పెట్టారో ఇంట్లో కూర్చుని వాడితో మాట్లాడండి. సర్పంచిగా పోటీ చెయ్యాలంటే 21 నిండితే చాలని, అంటే ఇంకో నాలుగేళ్లకు వాడు కూడా నిలబడొచ్చని చెప్పండి. వాడి ముఖం ఎలా మారుతుందో చూడండి. ఏప్రిల్ 24 పంచాయతీ రాజ్ దినోత్సవం, 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిన రోజు. మన బడి సెలవులు కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతాయి. ఆ రోజు గ్రామసభ పెడితే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్లో మీ పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయో, దేనికి ఖర్చు పెట్టామని రాశారో ఉంటుంది. వాడి ఫోన్‌లో తెరిచి, ఫలానా వీధి కాలవకు ఇంత అని రాసి ఉంటే ఇద్దరూ నడిచి వెళ్లి ఆ కాలవ చూసి రండి. బైకు మీద తిరిగే కుర్రాళ్లలో ఒక్కడికి కూడా ఆ లెక్క తెలిసి ఉండదు. 17 దాటాడు కాబట్టి ఓటరు నమోదుకు ఫారం 6 ముందే ఇవ్వొచ్చు, 18 నిండాక జాబితాలో పేరు చేరుతుంది. అది వాడి చేతే నింపించండి.

అమ్మాయి సంగతి. తొమ్మిదో తరగతి అని తప్ప మీరు ఇంకేమీ రాయలేదు. సెలవుల్లో ఏం చేస్తోంది? మా వైపు చాలా ఇళ్లలో అన్న గ్రౌండులో ఉంటాడు, చెల్లి గిన్నెల దగ్గర ఉంటుంది. పీఈటీగా నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. 2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగులో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. మర్నాడు ప్రేయర్ తర్వాత ఆమె రెండు విడతల్లో ఎత్తిన బరువులు 110, 130 అని బోర్డు మీద రాసి, కూడమన్నాను. ‘రెండు వందల నలభై కిలోలు సార్’ అని అందరూ అరిచారు. ఆ సాయంత్రం ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆరుగురు వచ్చి ‘మాకూ గ్రౌండు కావాలి సార్’ అని అడిగారు. సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర వరకు మగపిల్లల్ని బయట కూర్చోబెట్టి వాళ్లకిచ్చాను. ఒక తండ్రి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. నేను తగ్గలేదు.

మీ ఇంట్లోవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే, ఈ సెలవుల్లో ఆ సంఘం పొదుపు పుస్తకం, అప్పుల లెక్క అమ్మాయి చేత ఒకసారి సరిచూయించండి. అది వయసుకు తగిన పని, బయటికి వెళ్లక్కర్లేదు, అందులో వడ్డీ లెక్క కూడా వస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్లే. వాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లకే. సర్పంచి కుర్చీలో ఆవిడ కూర్చుంటే కాగితాలు భర్త చూడటం మనం రోజూ చూస్తున్నాం. మీ అమ్మాయి ఆ కాగితం తనే చదివి సంతకం పెట్టేది కావాలి.

యార్డు పెద్దతో మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఇంకొకటి గమనించండి. కాటా దగ్గర ఓ పది నిమిషాలు ఊరికే నిలబడండి. ఇప్పుడు అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి, ముల్లు లేదు. ఆ అంకెలు రైతు వైపు తిరిగి ఉన్నాయా, గుమాస్తా వైపే ఉన్నాయా చూడండి. చీటీలో అసలు బరువు, తరుగు విడివిడిగా రాస్తున్నారో లేదో ఒక రైతు చేతిలోది అడిగి చూడండి. అలా రాసే కొట్టులోనే మీవాణ్ణి పెట్టండి, కూలి పది రూపాయలు తక్కువైనా సరే.

పని మొదలైన రెండో వారంలో ఎలా ఉందో రాయండి. అమ్మాయికి ఏ ఆటంటే ఇష్టమో ఆ అమ్మాయినే అడిగి, అది కూడా రాయండి.